చామంతి తోటలో హైడ్రోజన్ ఎరుపు

గనులు సర్కారు చేతికి వచ్చాక పుట్టినవాణ్ణి నేను. కోలారు బంగారు గనుల్లో, రాబర్ట్‌సన్‌పేట బజారులో మాది కిరాణా కొట్టు. మా ఊరి పేరు చెప్పగానే గని లోపలికి ఎప్పుడైనా దిగావా అని అడగనివాడు లేడు. దిగలేదు. సైరన్ మోగితే షిఫ్టు మారిందని, షిఫ్టు మారితే కొట్టు ముందు గుంపు చేరుతుందని, మాకు తెలిసింది అంతవరకే. చిన్నప్పుడు నా బుద్ధంతా కొట్టు వెనక గదిలోని కిరసనాయిలు స్టవ్వు మీద ఉండేది. దాని నీలి మంటలో చిటికెడు ఉప్పు వేస్తే మంట పసుపుపచ్చగా ఎగిసేది. తోటలవాళ్ల కోసం డబ్బాలో ఉంచిన మైలుతుత్తం పొడి వేస్తే ఆకుపచ్చగా మారేది. ఒకసారి మిరపపొడి వేసి ఇల్లంతా దగ్గించి అమ్మకు దొరికిపోయాను.

ఉప్పు తెల్లగా ఉంటే మంట పసుపు రంగుకు ఎందుకు మారిందని నాన్నను అడిగాను. "దాని గుణం అది" అన్నాడు నాన్న, బెల్లం తూస్తూనే. నన్ను వదిలించుకోవడానికి అలా అన్నాడని ఒళ్లు మండింది. నా తల నెరిసే వయసులో భౌతికశాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని చదివితే, అందులోనూ చివరికి అదే మాట ఉంది. ఏ పదార్థమైనా వేడికి ఆవిరై వెలిగితే దానికంటూ కొన్ని రంగులే ఉంటాయి. వాటిని అది మార్చుకోదు, ఇంకొకటి వచ్చి దొంగిలించలేదు. మా వెనక గది స్టవ్వులో జరిగిందే ఆకాశంలోనూ జరుగుతుందని చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నక్షత్రాల మధ్య మేఘాల్లా పరుచుకున్న వాయువును పక్కనున్న వేడి నక్షత్రాలు వెలిగిస్తాయి. వాటిని నీహారికలు అంటారు. అక్కడి హైడ్రోజన్‌ది ఒక ఎరుపు. గంధకానిది అంతకంటే ముదురు ఎరుపు. ఆక్సిజన్‌ది నీలానికీ ఆకుపచ్చకూ మధ్య రంగు.

కంటికి అవేవీ కనబడవు. చిన్న టెలిస్కోపుకు కెమెరా తగిలించి, ఆకాశం తిరిగే వేగంతోనే దాన్ని మెల్లగా తిప్పుతూ, ఒక్కో బొమ్మకు నిమిషాల తరబడి వెలుతురు పట్టాలి. అలా పట్టిన బొమ్మలను ఒకదానిమీద ఒకటి పేర్చాలి. మా ఇంటి మిద్దె మీద నుంచి అది కుదరలేదు. గనులు మూతపడితే ఊరు చీకటైపోతుందని అందరూ ఏడ్చారుగానీ, వీధి దీపాలు మాత్రం ఏటేటా తెల్లబడుతూనే వచ్చాయి. బంగారం తీసేశాక గనులవాళ్లు పోసిన సైనైడ్ దిబ్బల అవతలి మైదానానికి వెళ్లి చూశాను. గాలికి పిండిలాంటి దుమ్ము లేచి లెన్సు మీద కూర్చుంది. అప్పుడు నారోబ్యాండ్ ఫిల్టర్లు కొన్నాను. అరచేతిలో పట్టే గుండ్రటి అద్దాలు అవి, ఒకటి హైడ్రోజన్‌కు, ఒకటి గంధకానికి, ఒకటి ఆక్సిజన్‌కు. తన ఒక్క రంగును తప్ప మిగతా వెలుతురంతా వాకిట్లోనే ఆపేస్తుంది ఒక్కొక్కటి. "కొట్లో బల్బు మాడిపోయి నెలయింది, దానికి నిచ్చెన ఎక్కడానికి తీరదుగానీ ఆకాశంలో దీపాలు ఎంచుతున్నారు" అంది మా ఆవిడ. ఆమె మాటలో తప్పేమీ లేదు.

వేమగల్ దాటాక ఒక పల్లెలో మాకు పాత ఖాతాదారుల కుటుంబం ఉంది. పెద్దాయన పడుచుగా ఉన్నప్పటి నుంచి వాళ్ల రాగులు మా కొట్టుకే వచ్చేవి. వాళ్ల తోటలో మోటారు గది ఉంది, దానికి సిమెంటు కప్పు ఉంది, ఎక్కడానికి మెట్లు ఉన్నాయి. వేమగల్ ఫ్యాక్టరీల వెలుతురు దూరంగా తెల్లగా కనిపించినా నా ఫిల్టర్లకు అదొక లెక్క కాదు. చలికాలం సాయంత్రాలు అక్కడికి వచ్చి బొమ్మలు తీసుకుంటానని అడిగితే పెద్దాయన కోడలు ఒప్పుకుంది. నలభై దాటిన మనిషి, మాట చురుకు. ఆమె భర్త వేమగల్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. తోట ఆమెదే అని ఊళ్లో అనేవారు. ఆమె మాత్రం ఇంకా కాలేదనేది.

సంగతేమిటో మొదటి రోజే చెప్పేసింది. ఆ మడిలో అంతకుముందు నీలగిరి చెట్లు ఉండేవి. నీలగిరికి నీళ్లు పెట్టక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, కొన్నేళ్లకొకసారి కొట్టి అమ్ముకుంటే చాలు. ఆమె మొండిపట్టు పట్టి ఆ చెట్లు తీయించి చామంతి నాటింది. ఉగాదికి పూలు రావాలి.

"మా మామ ఒక్క పంట చూస్తానన్నాడన్నా. ఉగాదికి పూలు దిగితే తోట నా ఇష్టం. దిగకుంటే మళ్లీ నీలగిరి నాటేస్తాడు. ఇంగ ఆ తర్వాత నేను బతికినంత కాలం ఆ ఆకులు ఊడవాల్సిందే" అంది. నవ్వుతూనే అంది, కానీ చేతిలోని చీర కొంగును మెలిపెడుతూ అంది.

చీకటి పడుతుండగా నేను కప్పు మీద టెలిస్కోపు నిలబెట్టాను. మా ప్రాంతంలో ధ్రువ నక్షత్రం చాలా కిందికి ఉంటుంది. పక్క మామిడితోట కొమ్మల పైన దాన్ని వెతికి పట్టుకుని యంత్రాన్ని దానికి సరిచేసుకోవడం పెద్ద యాతన. ఆ యాతన అయింది, తూర్పున రోజెట్ అనే నీహారిక వైపు గురి కుదిరింది. ఇక కెమెరా మొదలుపెడదామనేసరికి కింద తోటంతా భగ్గుమంది. సాళ్ల మీద కర్రలు పాతి, తీగలు లాగి, వాటికి తెల్ల బల్బులు వేలాడదీసి ఉన్నాయి. పగలు నేను వాటిని పట్టించుకోలేదు. అన్నీ ఒక్కసారి వెలిగాయి.

"అమ్మా! ఆ లైట్లు!" అని పైనుంచి అరిచాను.

"ఆరిపేది లేదన్నా" అంది ఆమె కింద నుంచి, నేను అడగబోయేది ముందే తెలిసినట్టు. "సేవంతికి పొద్దు చిన్నదైతే మొగ్గేస్తాది. ఇది చలికాలం, రాత్రి పెద్దది. లైటు లేకుంటే జానెడు ఎత్తులోనే మొగ్గ పట్టేస్తాది. చెట్టు పెరగల్ల, కొమ్మలేయల్ల. అందుకని చీకటైనాక ఇంగా పగలే అని దానికి చెప్తా ఉండాం. చెట్టు ఎదిగినాక లైట్లు తీసేస్తే, అప్పుడు ఉగాదికి సరిగ్గా పూస్తాది."

ఆ మాట విని నేను కోపం మరచిపోయాను. దీపం పెట్టి మొక్కను నమ్మించడమేమిటి? అది ఎంత వెలుతురుకు నమ్ముతుంది? ఎవరు కనిపెట్టారు? మెట్లు దిగి వెళ్లి ఇవన్నీ అడిగాను. నర్సరీవాళ్లు చెప్పారని, ఎందుకో తనకూ తెలియదని అంది. పెద్దాయనకు మాత్రం ఇది బొత్తిగా నచ్చలేదు. కంబళి కప్పుకుని గట్టు మీద కూర్చుని, "రాత్రిపూట చెట్టు నిద్ర చెడిపేది ఏం సేద్యమప్పా" అని నాతో గొణిగాడు.

ఆ సాయంత్రం బల్బుల మధ్యే బొమ్మలు తీశాను. హైడ్రోజన్ ఫిల్టరు తన పని తాను చేసింది. అంత తెల్లటి వెలుతురులోనూ బొమ్మ అంచున కొంచెం మసక తప్ప ఏమీ అంటలేదు. ల్యాప్‌టాప్ మీద మొదటి బొమ్మ చూపించడానికి ఆమెను పైకి పిలిచాను.

"రంగు యాడన్నా? బూడిద మాదిరి ఉండాది."

"ఈ కెమెరాకు రంగు తెలియదమ్మా. ఒక్కో ఫిల్టరుతో విడివిడిగా తీసి, తర్వాత నేను రంగులు కలపాలి."

ఆమె ఇంకా దగ్గరగా వంగింది. మధ్యలో ఖాళీ, చుట్టూ రేకుల్లా వాయువు. "పువ్వు మాదిరే ఉండాది కదా! దీనికి లైట్లు ఎవరు కట్టినారు?"

ఖాళీలో ఉన్న నాలుగైదు నక్షత్రాలను వేలితో చూపించాను. వాటి వేడికే అదంతా వెలుగుతోందని చెప్పాను. "ఆటికి కరెంటు పోయే బాధ లేదు" అని దిగి వెళ్లిపోయింది. హైడ్రోజన్ బొమ్మలు ఇంకా బోలెడు కావాలి. మళ్లీ వస్తానని చెప్పి బయలుదేరాను.

వెంటనే రాలేకపోయాను. పెళ్ళిళ్ల సరుకుల గిరాకీ, ఆపైన వెన్నెల రోజులు, ఆపైన మంచు. మూడు వారాల తర్వాత వెళ్లేసరికి తోట రంగే మారిపోయింది. తెల్ల బల్బులు పోయి ఎర్రవి వచ్చాయి. చీకట్లో ఆ సాళ్లు చూస్తుంటే జాతర గుర్తొచ్చింది. తెల్లవాటికి కరెంటు ఎక్కువ లాగి ఫ్యూజు పోతోందట. మొక్కకు ఎరుపు చాలని నర్సరీవాళ్లు ఈ బల్బులు ఇచ్చారట. తెల్లటి వెలుతురునే ఆపిన ఫిల్టరుకు ఇదొక లెక్కా అనుకుని నేను హుషారుగా కప్పు ఎక్కాను.

మొదటి బొమ్మ తెరిచి చూశాను. నీహారిక లేదు. బొమ్మ మొత్తం పాలు పోసినట్టు తెల్లగా ఉంది. మంచేమో అని లెన్సు తుడిచాను. చంద్రుడేమో అని వెతికాను, లేడు. ఫిల్టరు పాడైందేమో అనుకుని దాన్ని నాకు అమ్మినవాణ్ణి పైకి వినబడేలాగే తిట్టుకున్నాను. కాసేపటికి ఆక్సిజన్ ఫిల్టరు పెట్టి చూస్తే బొమ్మ కడిగినట్టు శుభ్రంగా వచ్చింది. గంధకానికి కొంచెం మసక. రోగమంతా ఒక్క హైడ్రోజన్‌కే. టెలిస్కోపు బాగుంది, ఆకాశం బాగుంది, మరి ఈ ఒక్కదానికి ఏమొచ్చింది?

హైడ్రోజన్ ఫిల్టరు ఊడదీసి కంటికి అడ్డం పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ దాన్ని కెమెరాకు పెట్టానేగానీ నేనెప్పుడూ దానిగుండా చూడలేదు. ఊళ్లోని వీధి దీపాలు దాదాపు ఆరిపోయాయి. ఫ్యాక్టరీల తెల్లదనం మాయమైంది. లోకమంతా నల్లబడింది. ఆ నలుపులో చామంతి తోట ఒక్కటే నిప్పుకణికల వరసల్లా వెలుగుతోంది. అప్పుడు అర్థమైంది. మొక్క ఏ ఎరుపును చూసి ఇంకా పగలే అనుకుంటుందో, హైడ్రోజన్ వెలిగే ఎరుపు దాదాపు అదే. ప్రపంచంలోని వెలుతురంతటినీ ఆపగల అద్దం కొని, అది ఆపలేని ఒకే ఒక దీపాన్ని వెలిగించిన తోటలో వచ్చి కూర్చున్నాను. ఒక్కణ్ణే కప్పు మీద పగలబడి నవ్వాను.

నవ్వుతూనే ఇంకోసారి చూస్తే, తోట చివర రెండు సాళ్లు లేవు. అక్కడ బల్బులు ఆరిపోయాయేమో అనుకుని ఫిల్టరు తీశాను. ఆరలేదు. మిగతావాటికంటే బాగా వెలుగుతున్నాయి కూడా. మళ్లీ ఫిల్టరు పెడితే మళ్లీ చీకటి. నాకు ఇదింకా తమాషాగా అనిపించింది. ఆమెను కేకేసి పైకి పిలిచి, ఫిల్టరు చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించాను.

ఆమె చూసింది. తీసింది. మళ్లీ చూసింది. నవ్వలేదు.

"ఆ కడాకు ఉండే సాళ్లు వేరే బల్బులన్నా" అంది. "నర్సరీ బల్బులు చాల్లేదు. మా ఆయన పండగ పందిరికి కట్టే ఎర్ర బల్బుల సరం తెచ్చి కట్టినాడు. ఎరుపే కదా అనుకున్నాం."

అప్పటికీ నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. సెల్‌ఫోను లైటు వేసుకుని మెట్లు దిగి, తోట చివరకు దాదాపు పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్లాను. ఒక మొక్క చిగురు ఆకులను వేళ్లతో విడదీసి చూపించింది. మధ్యలో గుండుసూది తలంత మొగ్గ. పక్క మొక్కలో ఇంకొకటి. ఆ రెండు సాళ్లలో చూసిన ప్రతి మొక్కకూ మొగ్గే. పక్క సాలులో ఒక్కటీ లేదు.

పందిరి బల్బుల ఎరుపు కొంచెం నారింజ వైపు ఉంటుంది, దాన్ని మన కన్ను ఇష్టంగా పట్టుకుంటుంది. మొక్కల బల్బుల ముదురు ఎరుపును మన కన్ను సరిగా పట్టలేదు, మొక్క మాత్రం ఎక్కువగా దాన్నే పట్టుకుంటుంది. అందుకే ఆ చిన్న బల్బులు మనకు పెద్ద వెలుగుగా కనిపించాయి. ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగేసి ఇదంతా తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం ఒక్కటే తెలుసు. మా కళ్లన్నీ ఎక్కడ ఎక్కువ వెలుతురుందని నమ్మాయో, అక్కడ మొక్కలు రాత్రయిందని నమ్మాయి.

ఆమె గట్టు మీద చతికిలబడింది. "అయిపోయిందన్నా. మామ చూసినాడంటే అయిపోయింది."

అంతవరకు నాకది వింత, ఆమెకది బతుకు. "రెండు సాళ్లే కదమ్మా, ఇప్పుడే చెప్పొద్దు, రేపు బల్బులు మార్చి మొగ్గలు గిల్లేయండి" అన్నాను.

"చెప్పల్ల" అంది. "రేపు ఆయనే చూస్తాడు. దాచినానని తెలిస్తే ఇంగ నా మాట ఎప్పుడూ నమ్మడు."

అంతలోనే పెద్దాయన ఎప్పటిలాగే తిండి తిని, కర్ర తాటించుకుంటూ తోటకు వచ్చాడు. ఆమె ఎదురెళ్లింది. నీళ్లు నమలకుండా చెప్పేసింది: రెండు సాళ్లు మొగ్గ పట్టినాయి, బల్బులు తప్పు, ఎరుపని మోసపోయినాం. ఆయన వంగి మొగ్గలు తడిమాడు. లేచి నిలబడి, నేను ఎదురుచూస్తున్న మాటే అన్నాడు. "నేను చెప్పలేదా? దొంగ పగలు పెట్టి చెట్టును మోసం చేయబోతే అది మనల్నే మోసం చేసింది."

నేను ఉండబట్టలేక ఫిల్టరు ఆయన చేతిలో పెట్టాను. "అప్పా, ఒకసారి దీనిగుండా చూడు. చెట్టుకు నీ తోట ఎట్లా కనబడుతుందో తెలుస్తుంది" అన్నాను. అది పూర్తిగా నిజం కాదు, మొక్కకు కళ్లు లేవు. కానీ ఆ పూటకు అంతకంటే నిజమైన మాట నాకు దొరకలేదు.

ఆయన ఒక కన్ను మూసి చూశాడు. ఫిల్టరు తీసి చూశాడు. ఇటు సాళ్లు, అటు సాళ్లు, మళ్లీ ఇటు. చాలాసేపు చూశాడు.

"ఈ పక్క లైటు ఉండే దాంట్లో ఒక్క మొగ్గా లేదా?" అని అడిగాడు.

"ఒక్కటీ లేదు మామా. కావాలంటే చూడు."

ఆయన ఒంగి, సాలు వెంట నడుస్తూ, చిగుళ్లు విడదీసి చూస్తూ పోయాడు. తోట సగం వరకు వెళ్లి తిరిగొచ్చాడు. "అట్లయితే చెట్టు నువ్వు చెప్పినట్టే విన్నాది కదా" అన్నాడు. "ఇన్ని సాళ్లు నీ మాట విన్నాయి. నా కొడుకు కట్టిన రెండే వినలేదు. తప్పు సేద్యానిది కాదు. ఆ సరం పీకెయ్ రేపు."

ఆమె మళ్లీ అక్కడే గట్టు మీద కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మామ తన పక్షాన ఒక్క మాట మాట్లాడటం ఇన్నేళ్లలో అదే మొదటిసారని ఆ తర్వాత నాతో అంది. పెద్దాయనకు కోడలి ఏడుపు ఎదుట నిలబడటం చేతకాక నా మీదికి తిరిగాడు.

"ఏమప్పా శెట్టీ, ఇంత దూరం వచ్చినావు, నీ పటం రాలేదంట. ఒక గంట లైట్లు ఆరిపిస్తా, తీసుకో."

"వద్దు!" అని ఆమె, నేను ఒకేసారి అరిచాం. ఆయన బెదిరిపోయి ఫిల్టరు నా చేతిలో పెట్టేశాడు.

నా రోజెట్ ఆ ఏడు పూర్తికాలేదు. తోటలో లైట్లు తీసేశాక నాకు కొట్టు నుంచి తీరిక దొరికే నాటికి అది పడమటికి వాలి, మబ్బుల కాలం ముంచుకొచ్చింది. ఉగాది ముందు వారం కొట్లో ఉండగా ఆ తోట నుంచి పెద్ద బుట్టెడు పసుపు చామంతులు వచ్చాయి. మా ఆవిడ దేవుడి గది నింపి, గుమ్మం నింపి, మిగిలినవి ఏం చేయాలో తెలియక వీధిలో పంచింది. నాకు మాత్రం లోపల ఒక ఆశ. వచ్చే చలికాలం ఆ తోటలో రాగి నాటుతారేమో, బల్బులుండవేమో, నేను హాయిగా కప్పెక్కి హైడ్రోజన్ తీసుకోవచ్చేమో అని.

వానలు తగ్గాక పెద్దాయన ఫోను చేశాడు. ఆయన నాకు ఫోను చేయడం అదే మొదలు.

"శెట్టీ, పై మడిలో మిగిలిండే నీలగిరి మోళ్లు గూడా పెరికించినా. అంతా సేవంతే ఈసారి. మా కోడలు అడిగింది, నేను సరే అన్నా. రెండు మళ్లకూ ఎర్ర లైట్లు వస్తాయి." ఆపైన మొహమాటంగా అన్నాడు: "నువ్వు నీ దుర్బీనుకు వేరే యాడన్నా చీకటి చూసుకోప్పా."